పిల్లలు నాటకం బదులు కథ రాస్తుంటే

18 మంది పిల్లలు, 12 రోజుల వేసవి నాటక శిబిరం, ఐదో రోజుకీ పిల్లలు రాసే స్క్రిప్టు కథలాగే ఉందన్నారు కదండీ. తప్పు పిల్లలది కాదు. ముందే కాగితం ఇస్తే స్కూల్లో అలవాటైనట్టు ‘రాము బాధపడ్డాడు’ అనే రాస్తారు. ఆ బాధ స్టేజి మీద ఎలా కనబడుతుంది?

రేపు పెన్నులు పక్కన పెట్టించండి. ఆరుగురేసి మూడు జట్లు చేసి, ఒక్కో జట్టుకి ఒక చోటు, ఒక తగువు ఇవ్వండి. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే బస్సు, ఖాళీగా ఒక్కటే కిటికీ సీటు, ఇద్దరికీ అదే కావాలి. ఐదు నిమిషాలు నోటికొచ్చింది మాట్లాడనివ్వండి. ఫోన్‌లో రికార్డు చేసి, అది విన్నాకే రాయించండి. ‘బాధపడ్డాడు’ పోయి ‘సరేలే, నువ్వే కూర్చో’ అన్న మాట వస్తుంది. మీకు కావాల్సింది ఆ మాటే!

ప్రదర్శనలో జట్టుకి ఎనిమిది నిమిషాల నాటకం చాలు. తొమ్మిదో రోజు తర్వాత డైలాగులు మార్చొద్దు, మారిస్తే ఎదుటివాడు తన వంతు ఎప్పుడో తెలియక ఆగిపోతాడు.

వినబడట్లేదని అరిపించకండి, గొంతు పోతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, పిల్లలు మింగేసేదీ దాన్నే. చివరి వరుసలో ఒకరిని కూర్చోబెట్టి, ఆఖరి మాట అందకపోతే చెయ్యెత్తమనండి. ఫ్యాన్లు తిరుగుతుండగానే, ఆ చప్పుడులోనే చేయించండి. మే ఎండలు కదా, రిహార్సల్ పొద్దున ఏడు నుంచి పదిలోపే.