బీరు కాస్తానంటున్న అల్లుడికి

అల్లుడూ,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పింది విని మీ అత్తయ్యా నేనూ చాలాసేపు నవ్వుకున్నాం. సియాటిల్‌లో ఆఫీసువాళ్ళతో బ్రూవరీకి వెళ్ళి ఐపీఏ అనే చేదు రకం బీరు అడిగితే వేపాకు కషాయం ఇచ్చారన్నావు. అయినా గ్లాసు ఖాళీ చేశావట, వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళావట. ఇప్పుడు ఇంట్లోనే కాస్తానంటున్నావు. సరే. ఇక్కడ పోర్ట్‌లాండ్ శివార్లలో ఇరవై ఏళ్ళకు పైగా నేను చేస్తున్న పనే కాబట్టి తెలిసింది రాస్తున్నాను. ఫోన్లో చెబితే ఊ కొట్టి మర్చిపోతావు.

ముందు తాగడం సంగతి. కొత్త చోటికి వెళ్తే పెద్ద గ్లాసు అడగకు. ఫ్లైట్ అని అడిగితే చిన్న చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు ఒక చెక్క మీద పెట్టి ఇస్తారు. పల్చటివాటితో మొదలుపెట్టి చివరికి చేదువాటి దగ్గరికి రా. ముందే ఐపీఏ తాగావా, ఆ తర్వాత పిల్స్‌నర్ లాంటి పల్చటి బీరు నీళ్ళలా ఉంటుంది. ప్రతిదీ తాగేముందు వాసన చూడు. జర్మన్ పద్ధతి గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు, అదంతా బీరుని పులిపించే ఈస్ట్ చేసే పని. స్టౌట్ అనే నల్లటి బీరులో కాఫీ వాసన మాడేదాకా వేయించిన బార్లీది. గ్లాసు మరీ ఐసులా ఉంటే ఇవేవీ తెలియవు, కాసేపు బల్ల మీద ఉంచు. మనవైపు బీరు ఎంత చల్లగా ఉంటే అంత గొప్ప అనుకునేవాళ్ళం. అక్కడి ఎండ అలాంటిది, నిజం చెప్పాలంటే ఆ బీరూ అలాంటిదే. ఇంకొకటి, గోంగూర మటన్‌తో ఐపీఏ వద్దు. ఆ చేదు కారాన్ని ఇంకా మండిస్తుంది. గోధుమ బీరు అయితే కలిసిపోతుంది.

తాగిన రోజు కారు తాళం జేబులో ఉండకూడదు. నువ్వు వీసా మీద ఉన్నవాడివి. తాగి నడిపి దొరికితే కోర్టు గొడవతో పోదు, వీసాకే ఎసరు రావచ్చు.

నువ్వు వేపాకు అన్నది హాప్స్, ఒక తీగకు పూసే పువ్వు. అది మీ ఇంటికి రెండున్నర గంటల దూరంలోనే పండుతుంది. ఈ దేశంలో పండే హాప్స్‌లో ఎక్కువ భాగం మీ యాకిమా లోయదే. ఆగస్టు చివర్లో కోతలు మొదలవుతాయి, ఒకసారి వెళ్ళిరా. పద్దెనిమిది అడుగుల ఎత్తున కట్టిన తీగల మీద పచ్చటి గోడల్లా అల్లుకుని ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు మీ అత్తయ్యతో “బీరపందిరి అంటే అసలు ఇదీ” అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆ పువ్వుని వేళ్ళతో నలిపి వాసన చూడు. కాస్కేడ్ రకమైతే పంపరపనస తొక్క గుర్తొస్తుంది. ఆ రకాన్ని మా ఒరెగాన్‌లోనే, కొర్వాలిస్‌లో పెంచి 1972లో బయటికి తెచ్చారు. 1980లో కాలిఫోర్నియా చీకోలో మొదలైన సియెరా నెవాడా వాళ్ళు దాంతో పేల్ ఏల్ అనే లేత రంగు బీరు చేశాక ఆ వాసన ఈ దేశపు బీరుకి గుర్తు అయిపోయింది. నీ మొదటి బీరు కూడా కాస్కేడ్‌తో పేల్ ఏలే చెయ్యి. తప్పులు చేసినా ఓర్చుకునే రకం.

చట్టం గురించి అడిగావు. 1978లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టేదాకా ఈ దేశంలో కూడా ఇంట్లో బీరు కాయడం నేరమే. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకంటే ఎక్కువో ఉంటే 200 గ్యాలన్లు కాచుకోవచ్చు. ఒక్క సీసా కూడా అమ్మకూడదు. సెలవుకి ఊరెళ్ళినప్పుడు మాత్రం అక్కడ ఈ సరదా చూపించకు. లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసే.

ఇక అసలు పని. మన ఊళ్ళో గౌడు తాటిచెట్టుకి లొట్టి కట్టేవాడు, గుర్తుందా? ఆ లొట్టిలో ఎవరూ ఈస్ట్ వేయరు. గాలిలో, గీసిన చోట, పాత లొట్టి లోపలి గోడల్లో ఉన్నదే తీపి నీళ్ళలో పడి పులిపిస్తుంది. పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పుల్లబడేది అందుకే. నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూసేవాళ్ళు, పులియకుండా. బీరులో మనం చేసేది ఈ రెండింటికీ మధ్య పని. పులియాలి, కానీ మనం ఎంచుకున్న ఒక్క ఈస్ట్‌తోనే పులియాలి. దారిన పోయేవాళ్ళెవరూ లోపలికి రాకూడదు.

అందుకని ఈ పనిలో ముప్పావు వంతు గిన్నెలు కడగడమే. ముందు సబ్బుతో కడిగి జిడ్డు పోగొట్టాలి, తర్వాత స్టార్ శాన్ అనే సూక్ష్మజీవుల్ని చంపే మందు కలిపిన నీళ్ళలో ముంచాలి. దాని నురగ ఉండిపోయినా ఫరవాలేదు, మళ్ళీ కడగక్కర్లేదు. కడిగితే కుళాయి నీళ్ళతో పాటు సూక్ష్మజీవుల్ని మళ్ళీ లోపలికి పిలిచినట్టే. కాచిన రసం చల్లారాక దాన్ని తాకే ప్రతిదీ, గొట్టం, గరాటు, మూత, ఈస్ట్ ప్యాకెట్ కత్తిరించే కత్తెరతో సహా, అందులో మునగాల్సిందే. నాకు చెడిపోయిన బీర్లలో ఎక్కువ ఇక్కడ బద్ధకించినవే.

ఐదు గ్యాలన్ల కిట్ కొనకు. అపార్ట్‌మెంట్ స్టవ్ మీద అంత నీరు మరగదు, బీరు బాగా రాకపోతే యాభై సీసాలు నిన్నే చూస్తూ కూర్చుంటాయి. ఒక గ్యాలన్ గాజు జాడీ తెచ్చుకో. పెద్ద గిన్నెలో ఐదు లీటర్ల నీళ్ళు, అర కిలో పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తీపి పొడి. పొడి వేసేటప్పుడు స్టవ్ ఆపు, లేకపోతే ఉండకట్టి అడుగంటుతుంది. మళ్ళీ మరగడం మొదలైన క్షణం పాలు పొంగినట్టు పొంగుతుంది, ఫోన్ పక్కన పెట్టి అక్కడే నిలబడు. పొంగు తగ్గాక ఏడు గ్రాముల హాప్స్ వేసి గంటసేపు, మూత పెట్టకుండా, మరగనివ్వు. చేదు ఈ గంటలోనే దిగుతుంది. దించడానికి ఐదు నిమిషాల ముందు ఇంకో ఏడు గ్రాములు, అవి వాసన కోసం. పోపు చివర్లో కొత్తిమీర వేస్తాం చూడు, అలా.

గిన్నెని సింకులో ఐసు నీళ్ళలో పెట్టి త్వరగా 20 డిగ్రీల సెల్సియస్‌కి దించు. జాడీలో పోసి, గాలి కలిసేలా బాగా ఊపి, ఏల్ ఈస్ట్ ప్యాకెట్‌లో సగం చల్లు. పైన ఎయిర్‌లాక్ పెట్టు, అది లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి బయటి గాలిని రానివ్వని చిన్న గొట్టం. మూత గట్టిగా బిగించావో, లోపలి గ్యాస్ ఊరుకోదు.

దోసెల పిండి పులియడానికి మీ అమ్మ వెచ్చటి చోటు వెతికేది. ఇది దానికి తలకిందులు. 18 నుంచి 20 డిగ్రీల చల్లటి మూల కావాలి. పులిసేటప్పుడు జాడీ లోపల గది కంటే వేడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి జాడీని నీళ్ళ తొట్టిలో పెట్టి తడి తువ్వాలు చుట్టు. వేడెక్కితే నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన వస్తుంది, ఆ తర్వాత ఎంతకాలం దాచినా పోదు. వెలుతురూ తగలకూడదు. హాప్స్‌కి ఎండ తగిలితే బీరు కంపు కొడుతుంది. సీసాలు ముదురు గోధుమ రంగువి వాడేది కూడా అందుకే.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. నా రెండో బీరు ఆరో రోజుకే బుడగలు ఆగిపోయింది. అయిపోయిందనుకుని సీసాల్లో పోసి, మీ అత్తయ్య ఆవకాయ జాడీలు పెట్టుకునే అలమరలో దాచాను. పది రోజుల తర్వాత అర్ధరాత్రి తుపాకీ పేలినట్టు శబ్దం. ఆ తర్వాత ఇంకొకటి. తెల్లారేసరికి ఆవకాయలో గాజుపెంకులు, గోడకి నురగ. ఆ ఏడాది ఆవకాయంతా చెత్తబుట్టలోకి పోయింది. మీ అత్తయ్య బీరుని క్షమించింది, నన్ను ఇంకా క్షమించలేదు.

బుడగలు ఆగాయంటే పని అయిపోయినట్టు కాదు. హైడ్రోమీటర్ కొను, పెద్ద ఖర్చు కాదు. రసం నీళ్ళకంటే ఎంత చిక్కగా ఉందో చూపించే గాజు గొట్టం అది, నీళ్ళకి 1.000 చూపిస్తుంది. ఈస్ట్ వేసే ముందు కొలిస్తే 1.048 దగ్గర చూపిస్తుంది. రెండు వారాలు జాడీని కదపకు. ఆ తర్వాత కొలిస్తే 1.010 దగ్గరికి వచ్చి ఉండాలి. మూడు రోజులాగి మళ్ళీ కొలువు. అంకె మారకపోతేనే సీసాల్లో పొయ్యి. రెండు అంకెల తేడాని 131తో గుణిస్తే ఆల్కహాల్ ఎంత శాతమో తెలుస్తుంది, ఇక్కడ ఐదు. కొలవడానికి తీసింది తిరిగి జాడీలో పోయకు, తాగి చూడు. గ్యాస్ లేని, చల్లదనం లేని బీరు రుచి ఒకసారి తెలియాలి.

సీసాల్లో పోసేముందు 20 గ్రాముల పంచదార కొంచెం నీళ్ళలో మరిగించి కలుపు. మిగిలిన ఈస్ట్ దాన్ని తిని గ్యాస్ పుట్టిస్తుంది. కొలిచి వెయ్యి, చేతి లెక్క వద్దు. ఇంకో రెండు వారాలు సీసాలు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో ఉండాలి. ఎందుకో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదుగా.

మీ రూమ్మేట్‌కి కుక్క ఉందన్నావు. మరిగించాక మిగిలే హాప్స్ పిప్పి దానికి అందే చోట పారెయ్యకు. కుక్కలకి అది విషం, జ్వరం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

సీసాలు కొనకు. ఇక్కడ ఖాళీ సీసా తిరిగిస్తే పది సెంట్లు ఇస్తారు, అయినా నీకోసం పన్నెండు పక్కన పెట్టాను. తిప్పితే ఊడే మూతల సీసాలైతే పనికిరావు, అవి తీసేశాను. మూతలు బిగించే యంత్రం కూడా వచ్చే శనివారం వచ్చి పట్టుకెళ్ళు. అది నాకు తిరిగి కావాలి.

మీ మామయ్య