గోడ మీద పగులు, కింద నల్లరేగడి: ఇంటి గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గోడ పగుళ్ల గురించే. మే నెలలో ఎప్పుడూ ఇంతే, నేల నెర్రెలు బారిందంటే మాకు ఉత్తరాలు పెరుగుతాయి. అన్నిటికీ చోటు లేదు, నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర. ఆరేళ్ల కింద 200 గజాల్లో ఇల్లు కట్టుకున్నాం. నల్లరేగడి నేల, ఇంటి వెనకంతా వరి పొలాలు. రెండేళ్ల నుంచి ఈశాన్యం గదిలో కిటికీ మూల నుంచి స్లాబు దాకా ఏటవాలుగా పగులు వస్తోంది, పైకి పోయేకొద్దీ వెడల్పు. పోయిన దసరాకు పుట్టీ పెట్టించి రంగులు వేయించాం, ఏప్రిల్ వచ్చేసరికి అదే చోట మళ్లీ విడిపోయింది. ఇప్పుడు రూపాయి బిళ్ల దూరుతోంది. కట్టిన కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడు. ఒకాయన పునాది కింద పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు వేయాలంటాడు, ఇంకొకాయన ఈశాన్యంలో వాస్తు దోషం అంటాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇల్లు కూలుతుందా సార్?
— ఒక గృహిణి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇప్పటికిప్పుడు కూలే లక్షణాలేవీ లేవమ్మా, ముందు నిద్రపోండి. అసలు సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. దసరాకు సన్నగా ఉన్న పగులు ఏప్రిల్‌లో విడిపోయింది, అంటే అది కాలంతో పాటు కదులుతోంది. రేగడిలో ఉండే బంకమట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. ఇంటి నడిమధ్య కింద ఉన్న మట్టికి ఎండ తగలదు కాబట్టి అది పెద్దగా మారదు, చుట్టూ అంచుల్లో ఉన్న మట్టి మాత్రం ఎండాకాలంలో ఎండి కుంగుతుంది, దానితో పాటు ఇంటి మూల కూడా కాస్త కిందికి దిగుతుంది. మూల దిగితే పగులు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది, సరిగ్గా మీరు చెప్పినట్టే. వానలు పడ్డాక మట్టి ఉబ్బి మూల లేస్తుంది, పగులు మూసుకుంటుంది, ఆ మూసుకున్న సమయం చూసి మీరు పుట్టీ పెట్టించారు. ఆగుతుందా మరి?

ఈశాన్యం సంగతి కూడా చెప్తాను, ఎవరూ ఏమనుకోవద్దు. మన దగ్గర సంపు, బోరు అన్నీ ఈశాన్యంలోనే పెడతాం. ఆ సంపు కారితే నీళ్లు పోయేది ఈశాన్యం మూల పునాది కిందికే, పగులు వచ్చేది కూడా ఆ మూలకే. తరువాత వాస్తాయన వచ్చి దోషం అక్కడే ఉందంటాడు, ఆ మాటకొస్తే ఆయన చెప్పిన చోటు తప్పు కాదు! అందుకని ముందు మీ సంపును పరీక్షించండి. సాయంత్రం నిండా నింపి, నీటి మట్టం దగ్గర గీత పెట్టి, మోటారు, నల్లా రెండూ బందు చేసి మర్నాడు సాయంత్రం చూడండి. మట్టం దిగితే కారుతోందనే లెక్క. బాత్రూం పైపు, సెప్టిక్ ట్యాంకు, స్లాబు నీళ్లు దిగే గొట్టం ఎక్కడ వదిలారో కూడా చూడండి, చాలా ఇళ్లలో ఆ గొట్టం గోడ మొదట్లోనే వదిలేస్తారు.

పైల్స్ మాట ఏడాది దాకా ఎత్తకండి. పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత పెట్టి తేదీ రాయండి, నెలకోసారి స్కేలుతో వెడల్పు కొలిచి నోటుబుక్కులో రాసుకోండి. పగులు మీద అడ్డంగా సన్నటి గాజు ముక్కను రెండు చివర్లా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించినా సరే, గోడ కదిలితే గాజు పగులుతుంది. పాత పద్ధతే, రూపాయి ఖర్చు లేదు, పైల్స్ అమ్మేవాళ్లు మాత్రం చెప్పరు.

ఈ లోపు చేయాల్సిన పని ఒకటుంది. ఇంటి చుట్టూ గోడ నుంచి బయటికి 2 మీటర్ల వెడల్పున, లేదా జాగా ఉన్నంత మేర, ఏటవాలు గచ్చు వేయించండి. పై రేగడి అడుగు లోతు తీసేసి, మొరం పోసి, తడిపి బాగా దిమ్మిస కొట్టించి, ప్లాస్టిక్ షీటు పరిచి, ఆ పైన కాంక్రీటు. వాలు బయటికి ఉండాలి, గోడకీ గచ్చుకీ మధ్య సందులో తారు పోయాలి. ఎండాకాలం తడి ఆరిపోకుండా, వానాకాలం నీళ్లు దిగకుండా రెండింటికీ ఇదే అడ్డం. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చినప్పుడు వెనక పొలాల తడి మీ నేలలోకి కూడా దిగుతుంది, దాన్ని మనం ఆపలేం గానీ వెనక ప్రహరీ వెంట నీళ్లు నిలవకుండా సిమెంటు కాలువ ఒకటి కట్టించుకుంటే మంచిది. పగులు దగ్గర బకెట్లతో నీళ్లు పోయమని ఎవరన్నా చెప్తే వినకండి, ఒకచోట తడి, ఒకచోట పొడి ఉండటమే మన జబ్బు.

ఏడాది తరువాత కదలిక తగ్గితే పగులును వెడల్పుగా చెక్కించి, అడ్డంగా ఇనుప చువ్వలు కుట్టించి, గ్రౌటు, అంటే పల్చటి సిమెంటు పోయించి, ఇనుప జాలీ కొట్టి ప్లాస్టరింగ్ చేయించవచ్చు. అయితే పగులు వారం వారం పెరుగుతున్నా, పిల్లరులోనో బీములోనో పగులు కనిపించి తుప్పు మరకలు కారినా, గోడ వంగినా ఏడాది ఆగకండి, వెంటనే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. మేస్త్రిని కాదు, ఇంజినీరును.

ప్రశ్న: ఆలంపూర్ వైపు మా సొంత జాగాలో ఇల్లు మొదలుపెడుతున్నాం. మేస్త్రి 4 అడుగుల లోతు గుంతలు చాలంటున్నాడు, మా నాయన కాలంలో కూడా అంతేనట. మాది పక్కా రేగడి. ఎంత లోతు పోవాలి?
— ఒక పాఠకుడు

జవాబు: మీ నాయన కాలంలో ఇల్లు మట్టి గోడలతో ఉండేది తమ్ముడూ, కొద్దిగా కదిలినా ఏటా అలుకుతూ సర్దుకునేవాళ్లు. ఇప్పుడు స్లాబు, టైల్స్, వాటికి ఆ ఓపిక లేదు.

లోతు ఎంతో కాగితం మీద చెప్పలేం. ముందు జాగాలో ఒక గుంత తీసి రేగడి ఎక్కడ అయిపోయి మొరం ఎక్కడ తగులుతుందో చూడండి. ఐదారు అడుగుల్లో గట్టి మొరం దొరికితే పునాది దాని మీద కూర్చోబెట్టడమే తేలిక, ఖర్చు కాస్త ఎక్కువైనా. రేగడి ఇంకా లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ ఉన్నాయి. సన్నటి గుంత తవ్వి, అడుగున దాన్ని పై గుంతకు రెండున్నర రెట్ల వెడల్పుతో గుండ్రంగా పెద్దది చేసి కాంక్రీటు పోస్తారు, కింద బల్బులాగా ఉంటుంది. లోతు రేగడిలో మామూలుగా 3.5 మీటర్ల దాకా పోతారు, ఎందుకంటే అంత కిందికి కాలాన్ని బట్టి వచ్చే తడి, పొడి పెద్దగా చేరవు. పైల్స్ మీద వేసే బీము నేలకు ఆనకూడదు, కింద 80 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు మూడు అంగుళాల సందు వదలాలి. మట్టి ఉబ్బినప్పుడు బీమును పైకి ఎత్తకుండా అన్నమాట. మేస్త్రులు ఈ సందు మట్టితో పూడ్చేస్తారు, పక్కన నిలబడి చూడండి.

గుంతలోంచి తీసిన రేగడిని మళ్లీ బేస్‌మెంటులో నింపనివ్వొద్దు, ఎంత ఉచితమైనా. మొరమే పోయాలి.

మట్టి పరీక్షకు డబ్బు దండగ అనుకోకండి. అందులో ఒకటి భలే సింపుల్‌గా ఉంటుంది: ఎండబెట్టి జల్లించిన మట్టి 10 గ్రాముల చొప్పున రెండు గాజు జాడీల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో బంకమట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. ఆ తేడా 50 శాతం దాటితే అది చాలా ఎక్కువ ఉబ్బే మట్టి. మీ మట్టికి 20 లోపు వస్తే మీ మేస్త్రి మాట కూడా కొంత వినొచ్చు.

ప్రశ్న: నల్లగొండలో వెంచర్‌లో ప్లాటు కొని ఇల్లు కట్టాం, ఎర్ర నేలే. గోడలకు ఏం కాలేదు గానీ హాల్లో టైల్స్ కుంగి, గోడకీ ఫ్లోరింగ్‌కీ మధ్య వేలు దూరేంత సందు వచ్చింది. పునాది పోయిందా?

జవాబు: పునాది పోలేదు, నింపుడు మట్టి కుంగింది. బేస్‌మెంటులో మొరం లారీతో ఒక్కసారే దింపి పైపైన నీళ్లు చల్లి బండలు పరిచేసి ఉంటారు. అది ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పొరలుగా పోసి, పొర పొరకూ తడిపి దిమ్మిస కొట్టాల్సిన పని. కుంగిన మేర టైల్స్ తీసి, మళ్లీ నింపి గట్టిగా కొట్టించి కాంక్రీటు వేసి కొత్త టైల్స్ పరవడమే, వేరే మందు లేదు. కానీ అంతకుముందు చుట్టుపక్కల ఒక ముసలాయనను పట్టుకుని అడగండి, ఆ జాగాలో ఎప్పుడైనా మోట బావి ఉండేదా, కుంట శిఖం ఉండేదా అని. మన జిల్లాల్లో బావులు పూడ్చి ప్లాట్లు చేసినవి లెక్కలేనన్ని, కాగితాల మీద అవి కనిపించవు. బావి అని తేలితే సందు పూడ్చే పని ఆపి ఇంజినీరును పిలవండి, ఆ కుంగుడు ఒక్క హాలుతో ఆగకపోవచ్చు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో మా ఇంటి గోడకు 8 అడుగుల దూరంలో పెద్ద వేప చెట్టు ఉంది. వేర్లు పునాదిని పగలగొడతాయి, కొట్టేయమని అందరూ అంటున్నారు. నిజమేనా?

జవాబు: వేర్లు మంచి పునాదిని పగలగొట్టడం అరుదు. అవి చేసేది నీళ్లు లాగడం. మీది ఎర్ర చెల్క, కింద మొరం అయితే దానివల్ల పెద్ద ప్రమాదం లేదు, కొమ్మలు కొట్టించుకుంటూ ఉంచుకోండి. రేగడి అయితే మాత్రం ఒక్కరోజులో నరికేయకండి, ఇన్నేళ్లు చెట్టు తాగుతూ వచ్చిన నీళ్లు ఇక మట్టిలోనే ఉండిపోయి అది ఉబ్బి గోడను పైకి నెడుతుంది. ఏటా కొంచెం కొంచెం కొమ్మలు తగ్గించుకుంటూ రావాలి. గోడకు పగులు ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఆ చెట్టు జోలికి పోకండి, ఈ ఎండల్లో మీ గోడకు నీడ ఇచ్చేది అదే.