‘ఆల్రెడీ’కి తెలుగు మాట ఏది?

సందేహం: మేం సింగపూర్‌లో ఉంటున్నాం. సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతాను. చాలామంది ఇళ్లలో చైనీసే మాట్లాడతారు. ‘ఐ ఈట్ ఆల్రెడీ’, ‘రెయిన్ ఆల్రెడీ’ అంటూ ప్రతిదానికీ చివర ఆల్రెడీ తగిలిస్తారు. ఎందుకిలా? నేనూ ఇంట్లో ‘ఆల్రెడీ తినేశాను’ అనేస్తుంటాను. దీనికి తెలుగులో అప్పుడే, ఇప్పటికే, ఇదివరకే – ఏది సరైనది?

సమాధానం: ముందు పిల్లల సంగతి. వాళ్లు ఇంగ్లీషు మాటలతో చైనీస్ వాక్యం చెబుతున్నారు. చైనీస్‌లో క్రియకు కాలాన్ని చెప్పే ప్రత్యయాలు లేవు. తిన్నాను, తింటున్నాను, తింటాను – మూడింటికీ క్రియ రూపం ఒక్కటే. పని అయిపోయిందని గానీ, పరిస్థితి మారిందని గానీ చెప్పాలంటే వాక్యం చివర ‘ల’ అనే చిన్న మాట చేరుస్తారు. దానికి ఇంగ్లీషులో దగ్గరగా కనబడిన మాట ఆల్రెడీ. అందుకే దాన్ని తెచ్చి ‘ల’ ఉండే చోటే కూర్చోబెట్టారు. ఇది మీ పిల్లలు కనిపెట్టింది కాదు, సింగపూర్ వాడుక ఇంగ్లీషులో ఎప్పటినుంచో ఉన్నదే. అక్కడి ప్రభుత్వం 2000లో ‘మంచి ఇంగ్లీషు మాట్లాడదాం’ అని ఉద్యమమే మొదలుపెట్టింది. అయినా వీధిలో ఆ ఆల్రెడీ అలాగే ఉంది.

ఒక చిక్కు గమనించండి. ‘రెయిన్ ఆల్రెడీ’ అంటే వాన కురిసి వెలిసిందని కాదు, ‘వాన మొదలైంది’ అని. ‘ఐ డోంట్ ఈట్ మీట్ ఆల్రెడీ’ అన్నారంటే ‘మాంసం మానేశాను’ అని. ఇలా కొత్తగా వచ్చిన మార్పును తానొక్కటే చెప్పడం ఇంగ్లీషు ఆల్రెడీ చేసే పని కాదు. ఒక పని ఫలానా సమయానికి, చాలాసార్లు మనం అనుకున్నదానికన్నా ముందు, అయిపోయిందనో మొదలైపోయిందనో చెప్పడం వరకే దాని పని. కాబట్టి వాళ్లకు ‘చివర పెట్టొద్దు’ అని నేర్పితే సరిపోదు. అది తప్పు సూత్రం కూడా, ఎందుకంటే ‘హావ్ యు ఫినిష్డ్ ఆల్రెడీ?’ అని ఆశ్చర్యపోతూ అడగడం శుభ్రమైన ఇంగ్లీషే. ఆల్రెడీ తీసేసి వాక్యం చదవమనండి. ‘ఐ హావ్ ఈటెన్’ నిలబడుతుంది, ‘ఐ ఈట్’ అనుకున్న అర్థం ఇవ్వదు. క్రియే కాలం మోయాలని అప్పుడు తెలుస్తుంది. (అమెరికావాళ్లు ‘ఐ ఆల్రెడీ ఏట్’ అంటారు, అదీ సరే.) వానకు ‘ఇట్స్ స్టార్టెడ్ రెయినింగ్’ అనీ, మాంసానికి ‘ఎనీమోర్’ అనీ చెప్పించండి.

ఇక తెలుగు. చైనీస్ ‘ల’ చేసే పనిని మన దగ్గర చాలావరకు క్రియే చేసుకుంటుంది. తిన్నాను – తినేశాను, వచ్చాడు – వచ్చేశాడు, అయింది – అయిపోయింది. వేయు, పోవు అనే సహాయక క్రియలు చేరగానే పని పూర్తయిన భావం వచ్చేసింది. ‘అన్నం తిను’ అన్నప్పుడు ‘తినేశానమ్మా’ అంటే చాలు. దానికి ముందు ఆల్రెడీ వాడితే తప్పని నేననను, మాటల్లో అందరం అంటాం. రాతలో మాత్రం అది అదనపు బరువే.

మాట విడిగా కావాలన్నప్పుడు ఒక్కటి సరిపోదు. ‘అప్పుడే’లో ఆశ్చర్యం ఉంది: ‘అప్పుడే పన్నెండయిందా!’ ‘అప్పుడే వచ్చేశావేం?’ ‘ఇప్పటికే’లో ఆశ్చర్యం లేదు, లెక్క ఉంది: ‘ఇప్పటికే సగం పనులు పూర్తయ్యాయి.’ పత్రికలకు ఇదంటే ఇష్టం. ‘ఇదివరకే’, ‘ముందే’ అనేవి వెనకెప్పుడో జరిగినదానికి: ‘ఈ మాట మీకు ఇదివరకే చెప్పాను.’ ఇక్కడ ‘అప్పుడే చెప్పాను’ అంటే ‘ఆ సమయంలోనే చెప్పాను’ అని అర్థం మారిపోతుంది. ‘అప్పుడే పుట్టిన పాప’లో అర్థం ఇంకొకటి.

మీరు అడగని ‘అప్పటికే’నూ చేర్చాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు దొర్లేది అక్కడే. ‘పోలీసులు వెళ్లేసరికి దొంగ ఇప్పటికే పారిపోయాడు’ వంటి వాక్యాలు ఈమధ్య వార్తల్లో కనబడుతున్నాయి. ఇంగ్లీషు వార్తను ఎదురుగా పెట్టుకుని రాసినట్టు తెలిసిపోతుంది. ఇప్పటి సంగతికైనా, గతంలో జరిగినదానికైనా ఇంగ్లీషులో ఆల్రెడీనే. మనకలా కాదు. కథ జరిగిన కాలం గతమైతే ‘అప్పటికే పారిపోయాడు’ అనాలి.

వ్యతిరేక వాక్యంలో మాత్రం మూడు భాషలూ ఒకే దారి పట్టాయి. ఇంగ్లీషులో ఆల్రెడీ పోయి ‘యెట్’ వస్తుంది. చైనీస్‌లో ఆల్రెడీకి సరిపోయే ‘యీజింగ్’ పోయి ‘హాయ్’ వస్తుంది, చివరి ‘ల’ కూడా రాలిపోతుంది. తెలుగులో ‘ఇంకా తినలేదు’. ‘అప్పుడే తినలేదు’ అంటే అది వేరే మాట. ‘అప్పుడే వెళ్లకు’ అని వద్దనడం మాత్రం చక్కగా కుదురుతుంది.

మీ పిల్లల్లో కాస్త పెద్దవాళ్లకు ఇంకొకటి చూపించొచ్చు. త్వరగా వచ్చాడనడానికీ ఆలస్యంగా వచ్చాడనడానికీ చైనీస్ ఒకే క్రియ ముందు రెండు చిన్న మాటలు మారుస్తుంది: ‘జియౌ’, ‘త్సాయ్’. ‘ఎనిమిదింటికే వచ్చాడు’, ‘ఎనిమిదింటికి గానీ రాలేదు’ – మనం వాటిని ఇలా చెబుతాం. రెండో వాక్యంలో ‘రాలేదు’ అంటున్నాం, కానీ మనిషి వచ్చాడు! ఇంగ్లీషులో మొదటిదానికి ఆల్రెడీ వాడి ‘బై ఎయిట్ హి వాజ్ ఆల్రెడీ హియర్’ అనొచ్చు. రెండోదానికి ఆల్రెడీ అసలు పనికిరాదు, మన ‘గానీ’లాగే ‘హి డిడింట్ కమ్ అంటిల్ ఎయిట్’ అని వ్యతిరేకంలోకి వెళ్లాలి.