టీ సంగతి సరే, ఆ గుడాకు మాటేంటి?

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, నాకు ఆరో నెల. రోజుకి ఐదుసార్లు గ్లాసుడు టీ పడాల్సిందే. టీ తాగితే బిడ్డ ఎముకలు గుల్లబారతాయని మా ఆడపడుచు భయపెడుతోంది. కాల్షియం బిళ్ళలు మింగితే ఎముకలు ముదిరి కాన్పు కష్టమవుతుందని మా అత్త అంటోంది. పొద్దున్నే గుడాకుతో పళ్ళు తోముకోవడం తప్ప నాకే అలవాటూ లేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది.
- పేరు వద్దన్న సోదరి, సోంపేట మండలం

జవాబు: మీరు ‘తప్ప’ అని దాటేసిన చోటే నేను ఆగిపోయానమ్మా. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, అలాగే చేపలు తోమేసేది. ఆవిడా ‘నాకే అలవాటూ లేదు’ అనేది!

గుడాకు పళ్ళపొడి కాదు, బెల్లపు మడ్డి కలిపిన పొగాకు. చిగుళ్ళకి రాయగానే కాస్త తల తిరిగినట్టుంటుంది చూడండి, అది నికోటిన్. మాయ దాటి బిడ్డకీ చేరుతుంది. మాయకొచ్చే రక్తనాళాల్ని బిగించేస్తుంది. కడుపులో బిడ్డ ఎముక మొదట మెత్తగానే ఉంటుంది. అది పొడవు పెరగాలన్నా, గట్టిపడాలన్నా కావలసిందంతా ఆ రక్తంలోనే రావాలి. ముంబైలో ఆడవాళ్ళు మిశ్రీ అని కాల్చిన పొగాకు పొడితో పళ్ళు తోముకుంటారు, మీ గుడాకుకి అక్కలాంటిది. అక్కడ 1,217 మంది గర్భిణుల మీద చేసిన అధ్యయనం 2004లో అచ్చయింది. ఇలాంటి పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ తూగారు. కాబట్టి రేపటి నుంచి మామూలు పేస్టే. నాలుగు రోజులు తలనొప్పి, చిరాకు ఉంటాయి. నోరు ఊరుకోకపోతే సోంపు నమలండి.

టీ అంత పాపిష్టిది కాదు. 150 మిల్లీలీటర్ల టీలో కెఫీన్ 30 నుంచి 65 మిల్లీగ్రాములు. గర్భిణికి రోజుకి 200 దాటకుండా ఉంటే మంచిది. మోతాదు బాగా పెంచి ఇస్తే ఎలుక పిల్లల్లో పొడవు ఎముకల ఎదుగుదల మందగించింది, కానీ మీరు ఎలుకా కాదు, అంత తాగడమూ లేదు. రెండు గ్లాసులకి దిగండి. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా వద్దు, టీ ఉంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

ఇక కాల్షియం. పుట్టేనాటికి బిడ్డ ఎముకల్లో దాదాపు 30 గ్రాముల కాల్షియం చేరాలి, అదీ చాలావరకు చివరి మూడు నెలల్లో. మీరు తినకపోతే మీ ఎముకల్నే గీరుకుంటుంది. కాన్పులో బిడ్డ తల ఎముకలు అతుకుల దగ్గర ఒకదాని మీదికొకటి జరుగుతాయి, బిళ్ళలు ఆ అతుకుల్ని మూసెయ్యవు. ఏఎన్ఎమ్ ఇచ్చే 500 మిల్లీగ్రాముల బిళ్ళ రెండు పూటలా అన్నంతో వేసుకోండి. ఐరన్ బిళ్ళకి రెండు గంటల ఎడం ఉండాలి. చోడి (రాగి) అంబలి తాగండి, నెత్తళ్ళలాంటి చిన్న చేపలు ముల్లుతో సహా నమలండి.

అత్తగారికి చెప్పడం కష్టమంటే ఈ పేజీ చదివి వినిపించండి. ఒప్పుకోకపోతే డాక్టరమ్మ తిట్టిందనండి.