అమ్మడూ, బస్సు అడిగే ముందు పద్దు చూడు

చి. అమ్మడికి,

ఆశీస్సులు. గుంటూరు కౌన్సిల్‌లో 57 మందిలో ఒకతెవయ్యావు. మీ డివిజన్‌కు సిటీ బస్సు తెప్పిస్తానని ఇంటింటికీ చెప్పొచ్చావు. మాటివ్వడం బాగానే ఉంది గానీ, ఆ బస్సు నీ చేతిలోనూ లేదు, కౌన్సిల్ చేతిలోనూ లేదు. బస్సు ఆర్టీసీది. దారి, స్టాపు, ఫుట్‌పాత్, వీధిదీపం కార్పొరేషన్‌వి. ఈ తేడా పట్టించుకోకుండా సమావేశంలో లేచి "మా డివిజన్‌కు బస్సు వేయాలి" అన్నావనుకో, "ఆర్టీసీకి లేఖ రాస్తాం" అంటారు. మినిట్స్‌లో ఒక వాక్యం చేరుతుంది. అంతటితో సరి.

ముందు బడ్జెట్ సంగతి చూద్దాం. 1955 నాటి కార్పొరేషన్ల చట్టం ప్రకారం కమిషనర్ అంచనాలను నవంబరు 10 లోపు స్టాండింగ్ కమిటీ ముందు పెట్టాలి, ఫిబ్రవరి 20 లోపు కౌన్సిల్ ఆమోదించాలి. ఆచరణలో పుస్తకం సమావేశానికి రెండు మూడు రోజుల ముందు చేతికొస్తుంది, ఆ రెండు రోజుల్లో ఎవరూ దాన్ని చదవలేరు. అందుకని నువ్వు అక్టోబరులోనే అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లి కూర్చో. గడిచిన రెండేళ్ల బడ్జెట్ పుస్తకాలు, ఆస్తి పన్ను డీసీబీ పట్టిక (డిమాండ్ ఎంత, వసూలెంత, బకాయి ఎంత అని చూపేది), పెండింగ్ బిల్లుల జాబితా అడుగు. ఈ మూడూ ఉంటే కొత్త పుస్తకం రాకముందే అందులో ఏముంటుందో సగం తెలిసిపోతుంది.

పుస్తకంలో ప్రతి పద్దుకూ మూడు అంకెలుంటాయి: నిరుడు నిజంగా వచ్చింది, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. అందరూ మూడోదే చూస్తారు. నువ్వు మొదటిది చూడు. నిరుడు 40 కోట్లు వచ్చిన పద్దులో వచ్చే ఏడాదికి 75 కోట్లు వేశారంటే, ఆ 35 కోట్ల మీద ఆధారపడిన పనులన్నీ కాగితం మీదే ఆగుతాయని అర్థం. ఈ ఉబ్బు ఎక్కువగా ఖాళీ స్థలాల పన్ను, ప్లానింగ్ ఫీజులు, "రావలసిన గ్రాంట్లు" అనే చోట్ల దాక్కుంటుంది. ఆస్తి పన్నులో అయితే పాత బకాయి మొత్తాన్నీ వచ్చే ఏడాది ఆదాయంగా చూపించేస్తారు. అందులో కోర్టు కేసుల్లో ఉన్నదెంత, ప్రభుత్వ కార్యాలయాలు కట్టాల్సిందెంత, యజమాని జాడ తెలియనిదెంత అని విడివిడిగా అడుగు. డీసీబీలో పాత బకాయి వసూలు శాతం చూశాక నీకే నవ్వొస్తుంది.

ప్రారంభ నిల్వ దగ్గర ఇంకో మెలిక ఉంది. బ్యాంకులో ఉన్నదంతా కార్పొరేషన్ సొమ్ము కాదు. కాంట్రాక్టర్లు టెండర్‌కు ధరావతుగా కట్టిన ఈఎండీలు, పని పూచీ కోసం బిల్లుల నుంచి పట్టుకున్న ఎఫ్‌ఎస్‌డీ, ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు చెల్లించాల్సిన సెస్సు, ఇవన్నీ ఆ నిల్వలోనే కలిసి కనపడతాయి. అవి తీసేశాక మిగిలేదే ఖర్చు పెట్టుకోదగ్గ డబ్బు. దాంట్లోంచి జీతాలు, పారిశుధ్యం, కరెంటు బిల్లులు, అప్పుల వాయిదాలు పోవాలి. "మిగులు బడ్జెట్" అని చప్పట్లు కొట్టే ముందు ఈ తీసివేత చేసి చూడు.

మిగులు అనే మాట మీద పెద్ద పంచాయితీయే జరిగింది హైదరాబాద్‌లో. సిటీ సర్వీసుల నష్టాన్ని అక్కడి కార్పొరేషన్ అయిన జీహెచ్‌ఎంసీ భరించాలని తెలంగాణ ప్రభుత్వం అనుకుంది. కార్పొరేషన్ సుమారు 336 కోట్లు ఇచ్చి ఆపేసింది. 2019లో ఆర్టీసీ సమ్మె హైకోర్టుకెక్కినప్పుడు, జీహెచ్‌ఎంసీ నుంచి ఇంకా 1,492 కోట్లు రావాలన్న లెక్క బయటికొచ్చింది. చట్టం ప్రకారం మిగులుంటేనే ఇవ్వాలి, మా దగ్గర మిగులు లేదని కార్పొరేషన్ అంది. ఎవరి వాదన ఒప్పో నేనిప్పుడు తేల్చబోవడం లేదు. తప్పు ఏర్పాటులోనే ఉంది. ఎన్ని బస్సులు, ఏ రూట్లు, కిలోమీటరుకు ఎంత, ఏడాదికి గరిష్ఠంగా ఎంత అన్నది రాసుకోకుండా "నష్టం ఎంతైతే అంత" అని ఒప్పుకుంటే, ఇచ్చేవాడికి అదుపుండదు, పుచ్చుకునేవాడికి నమ్మకముండదు. పుణెలో బస్సు సంస్థ లోటును పుణె కార్పొరేషన్ 60, పింప్రి-చించ్‌వడ్ 40 శాతం చొప్పున పంచుకుంటాయి. వాటా ముందే తేలింది కాబట్టి అక్కడ గొడవ మొత్తం గురించే గానీ బాధ్యత గురించి కాదు. అహ్మదాబాద్‌లో 1947 నుంచి బస్సు మున్సిపాలిటీదే, కాబట్టి లోటూ దానిదే. మనకు ఆ రెండు పద్ధతులూ లేవు. ఇక్కడ నష్టభర్తీ తీర్మానం ఏదైనా నీ ముందుకొస్తే పరిమితి అంకె లేకుండా చెయ్యెత్తకు.

అది రావడానికి అవకాశం లేకపోలేదు కూడా. పీఎం ఈ-బస్ సేవ పథకం కింద రాష్ట్రంలో 11 నగరాలకు 750 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు, వాటిలో గుంటూరు ఒకటి. బస్సు ప్రైవేటు ఆపరేటర్‌ది, డ్రైవర్ కూడా అతని మనిషే. టికెట్లు అమ్ముడైనా కాకపోయినా తిరిగిన కిలోమీటరుకు ఇంత అని అతనికి కట్టాలి. కేంద్రం కిలోమీటరుకు 12 మీటర్ల బస్సుకు 24, 9 మీటర్ల దానికి 22, 7 మీటర్ల దానికి 20 రూపాయలు ఇస్తుంది, అదీ పదేళ్లే. ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇందులో కేంద్రం ఇచ్చే 22 తప్ప మిగతా అంకెలు ఊహించినవి, అసలువి ఒప్పందం చూసి నువ్వు మార్చుకో.

9 మీటర్ల బస్సు, కిలోమీటరుకు 60 రూపాయల రేటు, రోజుకు 180 కిలోమీటర్లు అనుకో. ఆపరేటర్‌కు రోజుకు 10,800 కట్టాలి. కేంద్రం నుంచి 3,960 వస్తుంది. టికెట్ల మీద కిలోమీటరుకు 28 చొప్పున 5,040. ఇంకా 1,800 తక్కువ. ఏడాదికి 6.57 లక్షలు, 50 బస్సులకు దాదాపు 3.3 కోట్లు. పదేళ్లయ్యాక కేంద్రం చెయ్యి తీసేస్తే అదే లోటు రోజుకు 5,760కి పోతుంది, 50 బస్సులకు ఏడాదికి పదిన్నర కోట్లు దాటుతుంది. ఈ తేడాను ఆర్టీసీ భరిస్తుందా, రాష్ట్రమా, కార్పొరేషనా? ఒప్పందంలో ఏ క్లాజులో రాశారు? ఈ ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా వేసి, రాతపూర్వకంగానే జవాబు తీసుకో. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద మహిళలకు ఉచితం కాబట్టి చేతికొచ్చే టికెట్ డబ్బు కంటే ప్రభుత్వం తిరిగి చెల్లించేదే కీలకమవుతుంది. మహిళలకిచ్చే జీరో టికెట్ల లెక్కలు ఎన్ని నెలలకోసారి తేలుతున్నాయో కూడా అడుగు.

ఇలాంటి ఒప్పందాల్లో హామీ కిలోమీటర్లు అనేదొకటి ఉంటుంది. బస్సు అన్ని కిలోమీటర్లు తిరగకపోతే, తప్పు ఆపరేటర్‌ది కానప్పుడు, తిరగని దూరానికీ కొంత కట్టాలి. డ్రైనేజీ కోసం మన ఇంజినీర్లు రోడ్డు తవ్వి మూడు నెలలు వదిలేస్తే ఆ డబ్బు ఎక్కడి నుంచి పోతుందో ఆలోచించు. బస్సు రూట్ మీద తవ్వకం అనుమతి ఫైలులో ఆర్టీసీ డిపోకు ముందస్తు సమాచారం, మళ్లింపు దారి, పూడ్చే తేదీ ఉండాలని తీర్మానం పెట్టించు. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఇప్పుడు నీ చేతిలో ఉన్నదాని దగ్గరకొద్దాం. 12 కిలోమీటర్ల రూట్ అనుకో. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోతే అటు 60 నిమిషాలు, ఇటు 60, రెండు చివర్లా పదేసి నిమిషాల ఆగుదల. మొత్తం 140 నిమిషాలు. 20 నిమిషాలకొక బస్సు కావాలంటే ఏడు బస్సులు పెట్టాలి. దారిలో పదేసి నిమిషాలు కలిసొస్తే మొత్తం 120 అవుతుంది, ఆరు బస్సులతో అదే సర్వీసు నడుస్తుంది. లేదా ఏడింటినీ ఉంచి 17 నిమిషాలకొకటి నడపొచ్చు. బస్సు కొనకుండానే ఒక బస్సు సంపాదించినట్టు. ఆ పది నిమిషాలు ఎక్కడ పోతున్నాయి? స్టాపు ముందు నిలబెట్టిన ఆటోల దగ్గర, రోడ్డుకడ్డంగా పెట్టిన బండ్ల దగ్గర, రోడ్డు మధ్యలో మూసేసిన యూటర్న్ వల్ల చుట్టి రావాల్సిన చోట. ఇవన్నీ కార్పొరేషన్, ట్రాఫిక్ పోలీసులు కలిసి చేయగల పనులు. ఒక కండక్టర్‌నో డ్రైవర్‌నో పక్కన కూర్చోబెట్టుకుని రూట్ మొత్తం ఒకసారి తిరుగు. ఏ మలుపులో ఎంతసేపు ఆగుతారో వాళ్ల కంటే బాగా ఎవరూ చెప్పరు.

స్టాపుల విషయంలో ఇంజినీర్లు వెంటనే "బస్ బే కడదాం" అంటారు, అంటే బస్సు రోడ్డు వదిలి పక్కకు వచ్చి ఆగే జాగా. తొందరపడి ఒప్పుకోకు. 12 మీటర్ల బస్సు ఆగడానికి కనీసం 15 మీటర్ల జాగా కావాలి. బే 3 మీటర్ల లోతుంటే, బస్సు లోపలికి తిరగడానికి 1:6 వాలు చొప్పున (మీటరు లోపలికి ఆరు మీటర్ల పొడవు) 18 మీటర్లు, బయటికి రావడానికి మరో 18. మొత్తం 51 మీటర్లు. మన సెంటర్లలో అంత ఖాళీ ఎక్కడుంది? 25 మీటర్లలో కట్టేస్తారు. డ్రైవర్ ముందు చక్రం లోపల, తోక రోడ్డు మీద పెట్టి ఆపుతాడు, లేదా అసలు లోపలికే పోడు. వారంలో అది ఆటో స్టాండ్ అవుతుంది, నెలలో టిఫిన్ బండ్లొస్తాయి. జాగా లేనిచోట బే వద్దని చెప్పు. రోడ్డంచునే బస్సు ఆగేలా, ఫుట్‌పాత్ వెనక భాగంలో షెల్టర్ పెట్టి, ముందు 1.8 మీటర్లు నడిచేందుకు ఖాళీ వదిలితే చాలు. స్టాపు సిగ్నల్ దాటాక ఉంటే మంచిది. సిగ్నల్‌కు ముందుంటే ఎక్కించుకునే లోపు ఎర్రలైటు పడి బస్సు రెండుసార్లు ఆగుతుంది.

షెల్టర్ ఎస్టిమేట్‌లో ఎప్పుడూ కనపడని వస్తువులు రెండు: కరెంటు స్తంభం జరపడానికి విద్యుత్ సంస్థకు కట్టాల్సిన డిపాజిట్, కింద నీటి పైపు ఉంటే దాన్ని మార్చే ఖర్చు. అవి లేకుండా మంజూరు చేస్తారు. పునాది తవ్వేటప్పుడు పైపు తగులుతుంది. "ఏం చేస్తాం, ఓ నలభై మీటర్లు జరుపుదాం" అంటారు. బస్సు పాతచోటే ఆగుతుంది, జనం పాతచోటే ఎండలో నిలబడతారు, షెల్టర్ కింద కుక్కలు పడుకుంటాయి. అందుకే టెండర్‌కు ముందే ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ని), డిపో నుంచి ఒక ట్రాఫిక్ మనిషిని, లైన్‌మన్‌ను ఒకేరోజు ఆ చోటికి పిలిచి రోడ్డు మీద రంగుతో గీత గీయించు. ఆ గీత ఫోటో ఫైలులో పెట్టించు.

ప్రకటనల కంపెనీకి ఇచ్చి ఉచితంగా కట్టించుకుందాం అనే ప్రతిపాదన తప్పకుండా వస్తుంది. చెడ్డదేం కాదు. కానీ వాళ్లు బోర్డు కనపడే చోట కడతారు, ప్రయాణికుడు నిలబడే చోట కాదు. ఒప్పందంలో ఇవి చూడు: స్థలాల జాబితా ఎవరు ఖరారు చేస్తారు, ఏడాదికి కార్పొరేషన్‌కు కట్టేదెంత, దీపాల కరెంటు బిల్లు ఎవరిది, బల్ల విరిగితే ఎన్ని రోజుల్లో బాగుచేయాలి, చేయకపోతే జరిమానా ఎంత. మంచి సెంటర్లు నాలుగు తీసుకుంటే ప్రకటన రాని కాలనీ స్టాపులు రెండు కట్టాలన్న షరతు పెట్టించగలిగితే ఇంకా మేలు.

డబ్బు ఏ పద్దులోంచి అడగాలన్నది కూడా ముందే చూసుకో. ఆర్థిక సంఘం నిధుల్లో షరతులున్న భాగం తాగునీరు, పారిశుధ్యానికే పోవాలి. పది లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకు 15వ ఆర్థిక సంఘం 2025-26 వరకు అలాంటి వాటా 60 శాతం పెట్టింది. షెల్టర్, ఫుట్‌పాత్ అడగాల్సింది మిగిలిన దాంట్లోనో సాధారణ నిధుల్లోనో. "బస్సు సౌకర్యాలకు నిధులివ్వండి" అంటే ఎవరూ ఇవ్వరు. "ఫలానా పద్దులో నిరుడు 2 కోట్లు వేసి 60 లక్షలే ఖర్చు పెట్టారు, అందులోంచి 40 లక్షలు ఫుట్‌పాత్‌ల పద్దుకు మార్చండి" అను. జవాబు చెప్పక తప్పదు. టేబుల్ అజెండాగా ఆరోజే తెచ్చి పెట్టే అంశాలకు మాత్రం జాగ్రత్త. ఖర్చున్న అంశం చదవకుండా ఒప్పుకోవద్దు. అభ్యంతరముంటే నోటితో చెప్పి ఊరుకోక కాగితం మీద రాసిచ్చి మినిట్స్‌లో చేర్పించు.

ఇక బస్సు అడగడం. డిపో మేనేజర్ దగ్గరకు వినతిపత్రంతో కాదు, లెక్కతో వెళ్లు. మీ డివిజన్ నుంచి చుట్టుగుంట వైపు, బస్టాండ్ వైపు పొద్దున ఎనిమిది నుంచి పది దాకా పోయే షేర్ ఆటోలను ఒక వారం పనిదినాల్లో లెక్కపెట్టించు, ఒక్కోదాంట్లో ఎంతమంది ఉన్నారో కూడా. కాలేజీ పిల్లలకు ఇద్దరికి చెబితే చేస్తారు. ఆటోలు తిరిగే దారే బస్సుకు గిరాకీ ఉన్న దారి. మేనేజర్ చూసేది ఓఆర్ (సీట్లు ఎంత శాతం నిండాయన్నది), ఈపీకే (కిలోమీటరుకు వచ్చే రాబడి). మధ్యాహ్నం ఖాళీగా తిరిగే సర్వీసు అడిగితే మూడు నెలల్లో ఎత్తేస్తారు. పొద్దున మూడు ట్రిప్పులు, సాయంత్రం మూడు అడుగు. డిపో నుంచి మొదటి స్టాపుకు దూరం ఎక్కువైతే డెడ్ కిలోమీటర్లని, అంటే ప్రయాణికులు లేకుండా ఖాళీగా తిరిగే దూరమని, వెనక్కి తగ్గుతారు. అప్పుడు ఉన్న సర్వీసునే మీ కాలనీ మీదుగా మళ్లించమను, ఆ మలుపులో బస్సు తిరిగేందుకు అడ్డున్న స్తంభమో మెట్లో తీయించే బాధ్యత నీదని చెప్పు. సర్వీసు మొదలయ్యాక రద్దయిన ట్రిప్పుల పట్టిక నెలనెలా అడుగుతూ ఉండు, అడిగేవాళ్లున్న రూట్‌ను అంత తొందరగా కోయరు.

డీసీబీ పట్టిక చేతికొచ్చిన రోజు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ఎక్కడ ఉబ్బించారో ఫోన్‌లో చెబుతాను. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
పెదనాన్న