వానలో, ట్రాఫిక్‌లో ఈవీ ఆగిపోతుందా?

ప్రశ్న: ఈవీ కారు కొందామనుకుంటున్నామండి. జోరువానలో రెండు మూడు గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏసీ, లైట్లు, వైపర్లకే బ్యాటరీ అయిపోయి నడిరోడ్డు మీద నిలబడిపోతామని మా బావగారు ఒకటే భయపెడుతున్నారు. పైగా నీళ్లల్లోకి దిగితే షాక్ కొడుతుందట, నిజమేనా?

జవాబు: మీ బావగారి భయం పెట్రోల్ బండి అలవాటు వల్ల వచ్చిందండి. అందులో బండి కదలకపోయినా ఇంజన్ తాగుతూనే ఉంటుంది, ఈవీలో బండి ఆగితే మోటార్ కూడా ఆగినట్టే, ఇక కరెంటు లాగేది ప్రధానంగా ఏసీ. లెక్క వేద్దాం రండి. 40 యూనిట్ల బ్యాటరీలో 30 శాతమే మిగిలిందనుకోండి, అంటే 12 యూనిట్లు. కారు లోపల ఒకసారి చల్లబడ్డాక ఏసీ గంటకి యూనిట్, యూనిటున్నర తింటుంది, లైట్లూ వైపర్లూ స్క్రీనూ కలిపి ఓ పావు యూనిట్ పైచిలుకు. మూడు గంటలకి ఐదున్నర, మధ్యలో కొంచెం కొంచెం జరగడానికి ఇంకొకటి వేసుకున్నా ఇంకా 30 కిలోమీటర్లు పోయేంత మిగులుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్క్రీన్ మీద పవర్ మీటర్ చూడండి, ముల్లు దాదాపు సున్నా మీదే కూర్చుని ఉంటుంది, బ్రేక్ వేసినప్పుడైతే కొంత తిరిగి బ్యాటరీలోకే వస్తుంది కూడా. ఛార్జ్‌ని అసలు తినేది హైవే మీద స్పీడే.

గడ్డకట్టే చలి ఉన్న చోట మాత్రం కథ వేరు. ఇంజన్ వేడి ఉండదు కాబట్టి హీటర్ బ్యాటరీనే పీల్చాలి, మొదట్లో 3 నుంచి 5 కిలోవాట్లు లాగేస్తుంది, పైగా చల్లబడ్డ బ్యాటరీ ఛార్జింగ్ కూడా నెమ్మదిగానే తీసుకుంటుంది. ప్లగ్‌లో ఉండగానే కారుని వేడెక్కించి బయల్దేరండి, దార్లో సీట్ హీటర్ వాడుకోండి, దానికి 100 వాట్లు కూడా పట్టదు.

ఇక నీళ్లు. వానకి షాక్ కొట్టదు, ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే సిస్టమ్ హైవోల్టేజ్ లైన్‌ని తనే కట్ చేస్తుంది. చాలా ఈవీ బ్యాటరీలకి ఉండే ఐపీ67 రేటింగ్ అంటే మీటరు లోతు నీళ్లల్లో అరగంట ఉంచినా లోపలికి నీళ్లు రావని, కానీ అది నిలవ నీళ్లల్లో చేసే టెస్ట్, వరదలో ఈదమని ఇచ్చిన లైసెన్స్ కాదు! అడుగు లోతు పారే నీళ్లు చాలు చిన్న కారుని తోసేయడానికి, అది ఏ కారైనా సరే. ఒకవేళ బండి మునిగితే, బాగానే స్టార్టవుతోంది కదా అని ఛార్జింగ్ పెట్టకండి. ఇంటి గోడకి దూరంగా ఆరుబయట వదిలేసి మెకానిక్ చూసేదాకా ముట్టుకోకండి.