రిమూవ్ డూప్లికేట్స్ కొట్టినా అవే నంబర్లు మిగిలిపోతున్నాయంటే

ఎక్సెల్‌లో ఫోన్ నంబర్ల కాలమ్ మీద, రెండోసారి వచ్చినవాటిని తీసేసే రిమూవ్ డూప్లికేట్స్ కొట్టారు, అయినా అవే నంబర్లు రెండేసి సార్లు కనిపిస్తున్నాయన్నారు కదండీ. మన కంటికి ఒకటే అనిపించే నంబర్లు ఎక్సెల్ లెక్కలో వేరు వేరు, అందుకే అలా మిగిలిపోతాయి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో రైతుల లిస్టు చూస్తాను. వాట్సాప్ నుంచి కాపీ చేసిన నంబర్‌కి ముందు ప్లస్ 91 ఉంటుంది, ఒకరు సున్నా పెట్టి కొడతారు, ఇంకొకరు ఐదంకెల తర్వాత ఖాళీ వదులుతారు. లిస్టు ఇలా ఉంటే రేటు మెసేజ్ ఒకే రైతుకి మూడుసార్లు వెళ్తుంది, ఆయన ఫోన్ చేసి మరీ తిడతారు. పేర్లని నమ్ముకుందామా అంటే వెంకటేశ్వర్లు అన్న పేరునే ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు.

అందుకని డిలీట్ జోలికి పోకుండా ముందు ఫైల్ కాపీ తీసి పెట్టుకోండి. పక్క కాలమ్‌లో సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో ఖాళీలు, అడ్డగీతలు తీసేసి, దాని మీద రైట్ (RIGHT) ఫార్ములా వేసి చివరి 10 అంకెలే తెచ్చుకోండి, ప్లస్ 91, సున్నా రెండూ పోతాయి. అప్పటికీ ఖాళీ పోకపోతే అది మామూలు స్పేస్ కాదు, వెబ్ పేజీల నుంచి వచ్చే 160 నంబర్ క్యారెక్టర్. అదనపు ఖాళీలు తీసే ట్రిమ్ ఫార్ములా కూడా దాన్ని ముట్టుకోదు. ఆ ఖాళీనే సెల్‌లోంచి కాపీ చేసి ఫైండ్ అండ్ రీప్లేస్‌లో పేస్ట్ చేస్తే పోతుంది.

తర్వాత ఒక్కో నంబర్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ ఫార్ములా వేసి ఒకటి కంటే ఎక్కువ వచ్చిన వరుసలన్నీ కళ్లతో చూడండి, ఇది మాత్రం మానకండి. మా దగ్గర తండ్రీ కొడుకులు ఒకే ఫోన్ ఇస్తారు, పొలాలు వేరు, బ్యాంకు ఖాతాలు వేరు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కా వేరే. నంబర్ ఒకటే కదా అని తీసేస్తే కొడుకు లిస్టులోంచే ఎగిరిపోతాడు. అందుకే నేను రిమూవ్ డూప్లికేట్స్‌లో నంబర్, ఖాతా రెండు కాలమ్‌లకీ టిక్ పెట్టి, రెండూ కలిస్తేనే తీస్తాను.

ఒక్క కాలమే ఎంచుకుని అది కొట్టేటప్పుడు ఎక్స్‌పాండ్ ద సెలక్షన్ అని అడుగుతుంది, అదే ఎంచుకోండి, లేదంటే ఆ ఒక్క కాలమే పైకి జరిగి ఒకరి నంబర్ ఇంకొకరి పేరు పక్కన చేరుతుంది. పైగా అది మొదటి వరుసని ఉంచి కింది వాటిని తీసేస్తుంది కాబట్టి కొత్త వివరాలు కావాలంటే తేదీ ప్రకారం కొత్తవి పైకి వచ్చేలా ముందే సార్ట్ చేయాలి. ఎక్సెల్ 2021 గానీ 365 గానీ ఉంటే యూనిక్ ఫార్ములా అసలు లిస్టు కదపకుండా పక్కన డూప్లికేట్లు లేని వేరే లిస్టు ఇస్తుంది, నాకైతే అదే నచ్చుతుంది. గూగుల్ షీట్స్ వాడేవాళ్లకి డేటా మెనూలో డేటా క్లీనప్ కింద రిమూవ్ డూప్లికేట్స్, ట్రిమ్ వైట్‌స్పేస్ ఉంటాయి.

ఖాతా నంబర్ల మీద కౌంట్‌ఇఫ్ వేస్తుంటే ఒక్కటి చూసుకోండి, 16 అంకెలుంటే అది మొదటి 15 మాత్రమే పోల్చి, చివరి అంకె తేడా ఉన్నవాటినీ ఒకటే అంటుంది. ఫార్ములాలో సెల్ పేరు తర్వాత యాంపర్‌సాండ్ (&), కోట్స్ మధ్య నక్షత్రం గుర్తు (*) పెడితే సరిగ్గా లెక్కపెడుతుంది, కాకపోతే ఖాతా నంబర్లు టెక్స్ట్‌గా ఉండాలి.